గడి ఊర్లు – చరిత్ర, చూడదగిన స్థలాలు
(సాంఘికశాస్త్ర వ్యాసము. రాసినది: 9వ తరగతి విద్యార్థిని)

 

పోయినసారి గోడపత్రికలో తాజ్‌మహల్ గురించి, చార్మినార్ గురించి వ్యాసాలు వచ్చినవి. చాలా బాగున్నవి. కాని మన తొర్రూరు చుట్టు ఉన్న ఊర్ల గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. మొన్న సోషల్ మేడం మన తొమ్మిదో తరగతి వాళ్ళను ఒక ఆదివారం పాలకుర్తి, విసునూరు, కడవెండి తీసుకపోయి చూపించిండ్రు. అక్కడ చూసినవి, మేడం చెప్పినవి, పుస్తకాలలో చదివినవి కలిపి ఈ వ్యాసం రాస్తున్న. తప్పులు ఉంటే మన్నించగలరు.

1. గడి అంటే ఏమిటి?

గడి అంటే దొర ఉండే పెద్ద భవంతి. కోట వేరు, గడి వేరు. కోట రాజుది, యుద్ధం కోసం కట్టింది. గడి దొరది, ఊరి నడుమనో ఊరి మొదట్లోనో ఉంటది. దానికి మందం గోడలు, ఏనుగు పట్టేటంత పెద్ద దర్వాజ, లోపల బావి, వడ్లు పోసే గుమ్ములు, పశువుల కొట్టాలు, దొర కూర్చొని పంచాయితీ చెప్పే కచేరి ఉంటవి. చాలా గడులలో మనుషులను కట్టేసి కొట్టే చోటు కూడా ఉండేదట.

గడి ఉన్న ఊరిలో భూమి ఎక్కువ భాగం గడిదే. అందుకే అట్లాంటి ఊరిని జనం గడి ఊరు అంటారు. గడి ముందు నుండి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని పోవాలె. దొర కనబడితే "నీ బాంచన్ దొర, కాల్మొక్త" అనాలె. బాంచ అంటే దాసి, బానిస అని అర్థం. మేడం ఈ మాటకు అర్థం చెప్పినప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

2. దేశముఖులు ఎట్లా వచ్చారు?

పూర్వం హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వం తానే శిస్తు వసూలు చేసేది కాదు. కొన్ని ఊర్లను కలిపి ఒక్కొక్కరికి గుత్తకు ఇచ్చేది. శిస్తు వసూలు చేసే వానిని దేశముఖు అని, లెక్కలు రాసే వానిని దేశపాండ్యా అని పిలిచేవారు. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని మార్చిండు. 1865లో జిల్లాబందీ పెట్టి, జిల్లాలు, తాలూకాలు చేసి, సర్కారు నౌకర్లతోనే శిస్తు వసూలు చేయించిండు.

అయితే దేశముఖుల బలం పోలేదు. పోయిన పనికి బదులు వాళ్ళకు రుసుము ముట్టింది. భూములు కొలిచి ఎవరిది ఎంత అని రాసే కాలం వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలు తెలిసినోళ్ళు వాళ్ళే. మంచి భూములు తమ పేరున రాయించుకున్నరు. తరతరాలుగా దున్నిన రైతు పేరు పుస్తకంలో లేదు. పేరు లేనోడు కౌలుదారు అయిండు, లేకపోతే జీతగాడు అయిండు.

ఇంకో దారి అప్పు. వానలు లేని ఏడు రైతు శిస్తు కట్టలేక దొర దగ్గర అప్పు తెచ్చేటోడు. తినడానికి వడ్లు నాగుకు తెచ్చేటోడు. నాగు అంటే తెచ్చినదాని కన్నా ఎక్కువ వడ్లు పంట మీద తిరిగి కొలవడం. తీరకపోతే భూమి పోయేది.

దీనికి తోడు వెట్టి. వెట్టి అంటే కూలి లేకుండ చేసే పని. కుమ్మరోళ్ళు కుండలు ఇయ్యాలె. చాకలోళ్ళు బట్టలు ఉతకాలె. గొల్లకుర్మలు గొర్రెలను ఇయ్యాలె. గౌండ్లోళ్ళు కల్లు పొయ్యాలె. మాదిగోళ్ళు చెప్పులు కుట్టాలె, మోట బొక్కెనలు చెయ్యాలె. రైతులు కూడా తమ పొలం కంటె ముందు దొర పొలం దున్నాలె. తమ పొలం ఎండినా సరే.

3. చూడదగిన స్థలాలు

(అ) విసునూరు: ఇది ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. 2016కు ముందు మనదంతా ఒకటే వరంగల్లు జిల్లా. ఆ సంవత్సరం తొర్రూరు మహబూబాబాదు జిల్లాలో, పాలకుర్తి జనగామ జిల్లాలో పడ్డవి. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి. ఆయన కింద 40,000 ఎకరాలు ఉండేవని పుస్తకాలలో రాసిండ్రు. మన ఊర్లో రెండెకరాలు ఉన్నోడిని ఉన్నోడు అంటం. 40,000 ఎంతో నాకు మనసుకు అందలేదు. గడి ఇప్పుడు పాడుబడ్డది. కూలిన గోడల మీద చెట్లు మొలిచినవి.

(ఆ) పాలకుర్తి: గుట్ట మీద సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుని ఊరు ఇదే. దగ్గరలోనే బమ్మెర ఉంది. అది భాగవతం రాసిన పోతన గారి ఊరని ఇక్కడి వారు చెపుతారు. ఇవి తెలుగు పుస్తకంలో మనం చదువుకున్నవే కాబట్టి ఎక్కువ రాయడం లేదు.

ఈ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ ఉండేది. ఆమె మల్లంపల్లి దొర భూమి నాలుగెకరాలు కౌలుకు తీసుకొని సాగు చేసింది. చాకలి మనిషి వెట్టి చేయకుండా సొంతంగా వ్యవసాయం చేయడం, సంఘంలో చేరడం విసునూరు దేశముఖుకు నచ్చలేదు. భర్త మీద, కొడుకుల మీద కేసులు పెట్టించి జైలుకు పంపించిండు. ఆ భూమి తనదేనని కాగితాలు పుట్టించి కోర్టుకు పోయిండు. కోర్టులో ఐలమ్మ గెలిచింది. అయినా పంట కోసుకరమ్మని తన మనుషులను పంపిండు. సంఘం వాళ్ళు కర్రలు పట్టుకొని అడ్డం నిలబడి, వరి కోసి, ఐలమ్మ ఇంటికి చేర్చిండ్రు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది.

సంఘం అంటే ఆంధ్రమహాసభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులుగా జరిగిన సభ తరువాత ఇది ఊరూరికి పాకింది. సభ్యులకు చిట్టీ ఇచ్చేవారు కాబట్టి జనం దీన్ని చిట్టీల సంఘం అన్నరు.

(ఇ) కడవెండి: ఇది దేవరుప్పుల మండలంలో ఉంది. ఇక్కడి గడిలో విసునూరు దేశముఖు తల్లి జానకమ్మ ఉండేది. 1946 జులై 4న సంఘం వాళ్ళు ఊరేగింపు తీస్తుంటే దొర మనుషులు తుపాకులు కాల్చిండ్రు. దొడ్డి కొమరయ్య అక్కడనే చనిపోయిండు. ఆయన గొర్లకాపరుల ఇంటి బిడ్డ, ఇంకా ఇరవై ఏండ్ల దరిదాపు వయసు. తెలంగాణ సాయుధ పోరాటంలో మొదటి అమరుడు ఈయననే అంటరు. ఊర్లో ఆయన స్తూపం ఉంది. మేము అక్కడ రెండు నిమిషాలు మౌనం పాటించినము.

(ఈ) ధర్మాపురం తండా: ఇది కూడా దేవరుప్పుల మండలమే. లంబాడీలు సాగు చేసుకుంటున్న భూమిని దేశముఖు గుంజుకోబోతే తండా మొత్తం ఎదురు తిరిగింది. జాటోతు ఠానునాయక్ ఈ పోరాటంలో 1950లో ప్రాణం ఇచ్చిండు. మన హాస్టల్లో ఆ దిక్కు తండాల పిల్లలు ఉన్నరు. వాళ్ళ తాతమ్మలు చెప్పిన కథలు అడిగి వచ్చే సంచికలో రాయాలని కోరుతున్న.

4. ఇంగ్లండులో గడి ఊరు

గడులు మన దగ్గరనే ఉన్నవని నేను అనుకున్న. మేడం ఇంగ్లండు గురించి చెప్పిండ్రు. అక్కడ కూడా ఊరంతా ఒక్క దొరదే అయిన ఊర్లు చాలా ఉండేవి. వాటిని ఎస్టేట్ ఊర్లు అంటారు. ఇండ్లు దొరవి, పొలాలు దొరవి, ఒక్కోసారి బడి కూడా దొరదే. దొరకు కోపం వస్తే పనితో పాటు ఇల్లు కూడా పోయేది.

డోర్సెట్ అనే జిల్లాలో మిల్టన్ అబ్బాస్ అని చిన్న ఊరు ఉంది. మొదట అక్కడ ఒక పాత పట్నం ఉండేది. లార్డ్ మిల్టన్ అనే దొరకు తన భవంతి పక్కనే జనం ఉండడం నచ్చలేదు. 1770 తరువాత ఆ పట్నాన్ని కూలగొట్టించి, జనాన్ని కొంచెం దూరంలో కొత్తగా కట్టిన ఊరికి పంపించిండు. అక్కడ బాటకు రెండు దిక్కుల ఒకే తీరు గడ్డి కప్పు ఇండ్లు వరుసగా కట్టించిండు. ఇప్పుడు ఆ ఇండ్లు ఎంతో ముద్దుగ ఉన్నవని జనం చూడడానికి వస్తరట. హారిసన్ అనే ఒక వకీలు మాత్రం తన ఇల్లు ఇయ్యనన్నడట. దొర చెరువు తూము తెరిపించి ఆయన ఇంట్లోకి నీళ్ళు వదిలించిండట. ఆయన కోర్టుకు పోయి గెలిచిండని అక్కడ చెప్పుకుంటారు.

అదే డోర్సెట్‌లో టోల్‌పడిల్ అని ఇంకో ఊరు. కూలి తగ్గిస్తున్నరని 1833లో ఆ ఊరి కూలీలు సంఘం పెట్టుకున్నరు. రహస్యంగా ప్రమాణం చేసిండ్రని ఆరుగురికి ఏడేండ్ల శిక్ష వేసి ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపించిండ్రు. దేశమంతా జనం అర్జీలు పెట్టి, ఊరేగింపులు తీస్తే 1836లో క్షమించిండ్రు. వాళ్ళు కూర్చొని మాట్లాడుకున్న చెట్టు ఇప్పటికీ ఆ ఊర్లో ఉంది.

ఇది విన్నప్పుడు నాకు కడవెండి యాదికి వచ్చింది. మనల్ని ఏలిన తెల్లోళ్ళ దేశంలో కూడా కూలోళ్ళు ఉన్నరు, వాళ్ళకూ దొర ఉన్నడు, వాళ్ళూ సంఘం పెట్టుకున్నరు.

5. గడి బలం ఎక్కడ ఉంది?

విసునూరులో ఒక స్నేహితురాలు, "గోడలు ఇంత మందం ఉన్నయి కదా, అందుకే జనం భయపడ్డరు" అన్నది. నేను ఆలోచించిన. గోడలు ఊరోళ్ళే కట్టిండ్రు, వెట్టి చేసి. కట్టినోళ్ళు కూలగొట్టలేరా? గోడల కంటె గట్టిది ఇంకోటి ఉంది. అది కాగితం.

భూమి ఎవరిదో రాసిన పుస్తకం పటేలు, పట్వారీల చేతుల్లో ఉండె. అప్పు ఎంతో రాసిన కాగితం దొర పెట్టెలో ఉండె. నిజాం రాజ్యంలో కోర్టు, సర్కారు పని ఉర్దూలో నడిచేది. జనం మాట్లాడేది తెలుగు, మన వాళ్ళు మాట్లాడేది కోయ, లంబాడీ. కాగితంలో ఏముందో అడిగి తెలుసుకోవాలంటే మళ్ళీ వాళ్ళనే అడగాలె. మిల్టన్ అబ్బాస్‌లో దొరకు ఎదురు నిలబడింది ఎవరు? చట్టం చదివిన వకీలు. చదువు లేనోళ్ళు ఇండ్లు వదిలి పోయిండ్రు.

ఇది నేను పుస్తకంలో చదివి రాస్తలేను. మా ఇంట్లో జరిగింది రాస్తున్న. రాయొచ్చునా అని వార్డెన్ మేడంను అడిగిన. "పేర్లు రాయకుండ రాయి" అన్నరు.

మాది కొత్తగూడ దిక్కు అడవిలో కోయ గూడెం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా నాయినకు అక్షరం రాదు. రెండెకరాల్లో పత్తి వేస్తడు. విత్తనాలు, మందు కట్టలు ఒక దుకాణంలో ఉద్దెర తెస్తడు. పోయిన ఎండకాలం సెలవుల్లో దుకాణం ఆయన మా ఇంటికే వచ్చిండు. మంచిగనే మాట్లాడిండు. నాకు బిస్కెట్ పుడ కూడ తెచ్చిండు. "పాత బాకీకి రశీదు, ఇక్కడ వేలుముద్ర పెట్టు" అని కాగితం ముందర పెట్టిండు. నాయిన వేలికి సిరా కూడా అంటించుకున్నడు.

నేను పక్క నుండి చూసిన. నిజం చెప్పాలంటే అందులో సగం మాటలు నాకు అర్థం కాలేదు. ఒడంబడిక, సదరు, హక్కుభుక్తములు అని ఉన్నయి. కాని ఒక్క మాట దగ్గర నా కండ్లు ఆగినయి. "కౌలు". ఐలమ్మ పాఠంలో మేడం బోర్డు మీద రాసిన మాట. రశీదులో కౌలు ఎందుకుంటది? "నాయినా, ఆగు" అన్న. మళ్ళీ మొదటి నుండి కూడబలుక్కొని చదివిన. మా రెండెకరాలు మూడేండ్లు ఆయనకు కౌలుకు ఇచ్చినట్టు ఉంది.

దుకాణం ఆయన, "చిన్నపిల్లవు, నీకెందుకు" అన్నడు. మా నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత వేలు లుంగీకి తుడుచుకున్నడు. అంతే.

కథ అక్కడ అయిపోలేదు. బాకీ నిజంగానే ఉండె. మా మేనమామ దగ్గర అడిగి, రెండు మేకలను అమ్మి కట్టినం. ఆ దుకాణంలో ఇప్పుడు మాకు ఉద్దెర లేదు. ఈ ఏడు విత్తనాలకు దూరం పోవలసి వచ్చింది. అవ్వ నా మీద కొంచెం కోపం చేసింది, "నీ చదువుతోని ఉద్దెర పోయింది" అని. నాకు ఏడుపు వచ్చింది. కాని నాయిన రాత్రి నా పలక పట్టుకొని కూర్చుండు. "నా పేరు ఎట్ల రాస్తరు బిడ్డా" అని అడిగిండు. సెలవులు అయిపోయేసరికి రాయడం వచ్చింది. వంకరగ రాస్తడు, మొదటి అక్షరం పెద్దగ, చివరి అక్షరం చిన్నగ.

బడికి వచ్చినంక మేడంకు చెప్పిన. అప్పుడు మేడం ఒక చట్టం గురించి చెప్పిండ్రు. అది అందరికి తెలియాలె కాబట్టి రాస్తున్న.

6. మనం తెలుసుకోవలసిన చట్టం

దానిని 1/70 చట్టం అంటారు. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ అని అర్థం. 1959లో వచ్చిన భూమి బదలాయింపు చట్టాన్ని ఇది గట్టి చేసింది. దీని ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో భూమిని గిరిజనులు కానివారికి అమ్మరాదు, కౌలుకు ఇయ్యరాదు, స్వాధీనం చేసి కుదువ పెట్టరాదు. గిరిజనులు కానివారు వేరే గిరిజనేతరులకు కూడా అమ్మరాదు. అంటే ఆ రోజు నాయిన వేలుముద్ర పెట్టినా ఆ కాగితం చట్టం ముందు చెల్లదు. కాని చెల్లదని మాకు తెలవాలె కదా! తెలవకపోతే మూడేండ్లు మా చేను ఆయన దున్నుకునేటోడు. ఇట్లాంటిది జరిగితే ఐ.టి.డి.ఎ.లో గాని, స్పెషల్ డిప్యూటీ కలెక్టరు గారికి గాని అర్జీ పెట్టుకోవచ్చును.

గమనిక: ఈ చట్టం ఏజెన్సీ ఊర్లకే వర్తిస్తది. మైదానంలో ఉన్న తండాలకు వర్తించదు. అందుకని తండా పిల్లలు ఇంకా ఎక్కువ జాగ్రత్తగ కాగితాలు చదవాలె.

7. గడులు ఎట్లా పోయినవి?

కడవెండి తరువాత పోరాటం ఊరూరికి పాకింది. సుమారు 3,000 ఊర్లలో సంఘం రాజ్యం నడిచిందని, 10 లక్షల ఎకరాలు పంచినమని పోరాటం నడిపినవారు రాసుకున్నరు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసింది. 1949లో జాగీర్లను రద్దు చేసిండ్రు. 1950లో కౌలుదారుల చట్టం వచ్చింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిండ్రు. దొరలు చాలామంది పట్నం పోయిండ్రు. గడులు పాడుబడ్డయి.

కొన్ని భవంతులు మాత్రం బడులైనవి. మిల్టన్ దొర భవంతిలో 1954లో బడి పెట్టిండ్రు. హైదరాబాదు కోఠిలో ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టిన రెసిడెన్సీ భవంతి ఉంది. పెద్ద పెద్ద తెల్ల స్తంభాలు, ముందర రాతి సింహాలు. నిజాం మీద కన్నేసి ఉంచడానికి తెల్లోళ్ళు అక్కడ ఉండేవారు. 1949లో అందులోకి ఆడపిల్లల కాలేజి వచ్చింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పాలకుర్తిలో నాలుగెకరాల కౌలు కోసం కొట్లాడిన మనిషి పేరు, దొరల దొర భవంతి మీదికి వచ్చింది. ఇంటర్ అయినంక నేను అందులో చదవాలని అనుకుంటున్న. అవుతదో కాదో తెలవదు. పదో తరగతి తరువాత నా పెండ్లి మాట ఇంట్లో అప్పుడప్పుడు వస్తున్నది. ఈసారి నాయిన మాత్రం ఆ మాట ఎత్తలేదు.

8. ముగింపు

గడి చూడడానికి పోయినప్పుడు గోడలు, దర్వాజలు చూసి, ఫోటో దిగి వస్తం. అవి ఎవరి రెక్కల కష్టమో, లోపల ఏ కాగితాలు ఉండెనో కూడా ఆలోచించాలె. గడి గోడలు కూలినయి గాని వేలుముద్ర ఇంకా ఉన్నది. మన హాస్టల్లో చాలామంది తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డు మీద వేలుముద్రనే పెడుతున్నరు. కాబట్టి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనం రెండు పనులు చేద్దాం. ఒకటి, ఇంట్లో సంచిలో గాని పెట్టెలో గాని ఉన్న కాగితాలు అన్నీ తీసి చదువుదాం. అర్థం కాని మాటలు నోటుబుక్కులో రాసుకొని వచ్చి మేడంను అడుగుదాం. రెండు, అమ్మకో నాయినకో పేరు రాయడం నేర్పుదాం. వార్డెన్ మేడం గారు సరే అంటే, వచ్చే ప్రోగ్రెస్ కార్డు మీద ఎంతమంది తల్లిదండ్రులు సంతకం పెట్టిండ్రో లెక్క రాసి ఈ గోడపత్రికలో పెడదాం.

కొత్త మాటలు – అర్థాలు

కౌలు = ఒకరి భూమిని గడువు పెట్టుకొని, డబ్బో ధాన్యమో ఇచ్చి సాగు చేయడం
వెట్టి = కూలి లేని చాకిరి
ఒడంబడిక = ఇద్దరు ఒప్పుకొని రాసుకున్న కాగితం
సదరు = పైన చెప్పిన
హక్కుభుక్తములు = భూమి మీద హక్కు, అనుభవం

చదివినవారికి ప్రశ్నలు

1. 1946 జులై 4న కడవెండిలో ఏమి జరిగినది?
2. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమిని ఎవరికి కౌలుకు ఇవ్వరాదు?
3. మీ ఇంట్లో భూమి కాగితం ఎవరి పేరున ఉంది? (దీనికి జవాబు పుస్తకంలో లేదు. ఇంటికి పోయి చూసి రావలెను.)